యాష్ అంటే బూడిద గద

సల్మాబాద్‌ల మా షెడ్డుకు
ఆ కారు లారీ మీద వచ్చింది,
నాలుగు బస్తాల విడిభాగాలతోటి.
అరవై నాలుగు మోడల్ మోర్గన్.
ఇంజను ట్రయంఫ్ వాళ్లది, మిగతాదంత ఇంటి పని.
కుంజప్పన్ బానెట్ లేపి "ఇది నా పని" అన్నడు.
చేతిలకు ఊడొచ్చిన తలుపు నాకిచ్చి
"ఇది నీ పని" అన్నడు.

రేకు కింద కట్టె!
పందొమ్మిదేండ్ల సంది ఈ బహ్రెయిన్‌ల
వంటింటి అల్మారాలు, మజ్లిస్ దర్వాజలు చేసిన.
కారుకు కట్టె ఉంటదని ఒక్కరు జెప్పలే.
ఏం కట్టె అంటే "యాష్" అన్నడు.
యాష్ అంటే బూడిద గద, అన్న.
షెడ్డంత నవ్విండ్రు, పెయింటర్ జర్దాద్ గూడ.
చెట్టు పేరట. చలిదేశపు చెట్టు.
వంచితే వంగుతదట గని విరగదట.
ఇక్కడి ఎండల యాభై ఎండకాలాలు నిలబడ్డంక
నేను ముట్టుకుంటే మాత్రం
నేనన్న పేరే నిజమైంది,
వేళ్ల సందుల నుంచి రాలింది.

పన్నెండున్నరకు టిఫిన్లు ఇప్పినంక
కుంజప్పన్ ఆ కంపెనీ కథ జెప్తుండె
రోజింత, చేపల ముల్లు ఏరినట్టు.
కొండ కింద చిన్న ఊరు. పాస్టర్ కొడుకొకడు గ్యారేజీ పెట్టిండు.
మొదలు మూడు చక్రాల బండి, ముందట రెండు, ఎనుక ఒకటి.
నాలుగోది రానీకె పాతికేండ్లు పట్టింది.
షెడ్లన్ని వాలు మీద.
ఒక షెడ్ల పని అయితే నూకితే సాలు,
బండి కింది షెడ్డుకు తనంత తానే పోతదట.
ఒకసారి పెద్ద కంపెనీ కొంటమని వచ్చింది.
అమ్మం అన్నరు.
ఆ పెద్ద కంపెనీ ఇప్పుడు లేదు.
"మరి వీళ్లున్నరా?"
"ఉన్నరు. నూరేండ్లు దాటినంక ఇటలీ వాళ్లకు అమ్మిండ్రు."
అని పోయి చేతులు కడుక్కున్నడు.

చక్రానికి ఆకులు లెక్కబెట్టిన. డెబ్బై రెండు,
తీగెలంత సన్నగ.
మా నాయిన కోరుట్లల చేసిన ఎడ్లబండికి పన్నెండు.
ఆకు అంటే వాళ్లకేమంటరో అడుగలే.

ఎడమ తలుపు గుంజ ఊడదీసినప్పుడు
లోపటి దిక్కు పెన్సిలు గీత కనబడ్డది.
ఒక నెంబరు, పక్కన రెండక్షరాలు.
ఉలి దెబ్బలన్ని ఎడమకు వాలి ఉన్నయి.
ఎడమచేతి వడ్లాయన.
ఏ పొద్దు ఏం తిని వచ్చిండో, ఎవరి మీద కోపంగున్నడో,
ఒక దెబ్బ మాత్రం జెర లోతుగ పడ్డది.

ఇంగ్లండు నుంచి కట్టె పార్సిల్ వచ్చింది.
తెల్లగ, పాలకంకి వాసన.
మూడు నెలల ఎదురుచూపు, మర్హూన్ సాబ్ పైసలు.
చిత్రిక పడితే చుట్టలు చుట్టలుగ లేస్తుండె,
తొక్కబుద్ధి గాలే.
గుంజకాడికొచ్చేసరికి
అర ఇంచు తక్కువ కోసిన.
ఎవరు సూడలే.
ఎవరు సూడకపోతే తప్పు చిన్నగైతదా?

శుక్రవారం మొహర్రక్ పోయిన.
ఒడ్డున ముసలాయన పాత పడవను ముక్కలు చేస్తుండు.
పక్కటెముక ఒకటి రెండు దినార్లకిచ్చిండు.
కుంజప్పన్ ముక్కుకాడ పెట్టుకుని
"ఇది మా కోళికోడ్ టేకు" అన్నడు, ఇంకేం అడుగలే.
ఆ రాత్రి ఉలిని ఎడమచేతికి మార్చిన.
రెండు వేళ్లు కోసుకున్న.
దెబ్బలు మాత్రం వాలినయి,
అచ్చం గట్లనే కాదు, దగ్గర దగ్గర.
రేకు కప్పే ముందు పెన్సిలు తీసిన,
మళ్ల చెవిల పెట్టుకున్న.

సాఖీర్ షోల కారు నిలబడ్డది,
ముదురు ఆకుపచ్చ, జర్దాద్ పదకొండు కోట్లు కొట్టిండు.
కోటు తొడుక్కున్న జడ్జి కుడి తలుపు వేసిండు. ఠప్.
ఎడమ తలుపు వేసిండు. ఠుప్.
జెరసేపు ఆగిండు.
మళ్ల తీసి, మళ్ల వేసిండు.
నేను నా చెప్పులు చూసుకున్న.
"అంత ఒరిజినలే" అని కాయితం మీద రాసిండు.

సముద్రం నానబెట్టిన కట్టె గద,
దాని గొంతు గట్లనే ఉంటది.